బావి వెనక బొడ్డుమల్లె

మా మామగారు పోయారు. మొన్న మాఘమాసంలో, రథసప్తమి వెళ్ళాక, ఒక్కపూట కూడా మంచాన పడకుండా, ఎవరిచేతా గ్లాసుడు నీళ్ళు అందించుకోకుండా వెళ్ళిపోయారు. కబురు తెలిసి వీధి వీధంతా మా ఇంటికొచ్చింది. వచ్చిన ఆడవాళ్ళలో సగంమంది ఆయన్ని తలుచుకుని ఏడిస్తే, సగంమంది ఆయన బీరకాయల్ని తలుచుకుని ఏడ్చారు. "యుద్ధం జరిగినన్నాళ్ళూ మా ఇంట్లో కూరకు లోటు లేదంటే అన్నయ్యగారి పుణ్యమే వదినా! ఇంక ఆ లేత వంకాయలు ఎవరు పంపుతారు?" అని ఎదురింటావిడ మా అత్తగారి భుజం పట్టుకుని బావురుమంది. మా అత్తగారు అంత దుఃఖంలోనూ కొంగుతో ముక్కు తుడుచుకుని, "మొక్కలున్నాయిగా వదినా, పంపుతాలే, ఊరుకో" అని తిరిగి ఆవిడనే ఓదార్చారు.

నాకు అప్పుడు నవ్వొచ్చింది. తప్పనుకోకండి. ఆయన ఎదుట నవ్వడానికి గానీ మాట్లాడటానికి గానీ కాపురానికొచ్చిన కొత్తలో నాకు వీల్లేకపోయింది. ఆ వీలు ఎట్లా కలిగిందో మీకు చెబుదామనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ఆయన గన్నవరం పక్క పల్లెలో పుట్టి, అక్కడే వరి పండించి, మోకాళ్ళు బురదకు ఓర్చుకోలేని వయసొచ్చాక పొలం కౌలుకిచ్చేసి బెజవాడలో కొడుకు దగ్గరికి వచ్చారు. మావారిది రైల్వే ఆఫీసులో గుమాస్తా పని. మామగారు ఊరు వదిలారు గానీ సేద్యం వదల్లేదు. ఏలూరు కాలవకు దగ్గర్లో మాదొక పెంకుటిల్లు, వెనక కాస్త పెరడు. ఎంత పెరడంటే, మా గేదె అటు తిరగాలంటే మనం ఇటు జరగాలి. ఆ కాస్త చోటునే ఆయన పొలంలాగా పంచి పేర్లు పెట్టారు. బావి వెనక ఎత్తుగా ఉన్నది 'మెరక'. గేదెపాక పక్కన నీళ్ళు నిలిచేది 'పల్లం'. గోడ వెంట సన్నటి పట్టీ 'లంక'. అన్నం వడ్డించి పిలిస్తే, "లంకలో ఉన్నా, వస్తన్నా" అని జవాబొచ్చేది, చెయ్యి చాపితే అందేంత దూరం నుంచి.

ఎండాకాలంలో మరమ్మతులకని కాలవ కట్టేస్తే ఊళ్ళో అందరికీ నీళ్ళ బెంగ, ఆయనకు మాత్రం పండగ. అడుగున మిగిలిన ఒండ్రుమట్టి ఎండి పెచ్చులు కట్టగానే తట్టా పారా తీసుకుని బయల్దేరేవారు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారే, ఆ ఎండలో. "కృష్ణమ్మ అంతదూరం మోసుకొచ్చి పెట్టింది, ఇంటిదాకా మోసుకోవడానికి మనకేం రోగం?" అనేవారు. ఒక ఏడు మా ఆడబిడ్డ భర్త, కొత్తల్లుడు, జరీపంచె కట్టుకుని మామిడిపళ్ళు తినడానికి వచ్చాడు. మర్నాటికల్లా అతని నెత్తిన కూడా తట్ట ఉంది. పాపం, ఆ తరవాత ఎప్పుడొచ్చినా కాలవకు నీళ్ళు వదిలారో లేదో ఉత్తరం రాసి కనుక్కునేవాడు.

వానలు మొదలయ్యాక ఏరువాక పున్నమినాడు పారకు పసుపు రాసి, కుంకం పెట్టి, కొబ్బరికాయ కొట్టి, తూర్పు తిరిగి మెరకలో మొదటి పెళ్ళ తీసేవారు. మా వీధి పిల్లలందరూ ప్రసాదానికి గోడెక్కి కూర్చునేవాళ్ళు. "ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు" అని పైకి చూస్తూ సొర, బీర, పొట్ల గింజలు పాదుల్లో పెట్టడం, సర్వి కర్రలతో పందిరి వెయ్యడం, శ్రావణంలో పొట్లపిందెలు వంకర తిరగకుండా చివర్లకు చిన్న రాళ్ళు కట్టడం, కార్తీకంలో చిక్కుడుకు పేను పడితే మంచు ఆరకముందే పొయ్యిలో బూడిద చల్లడం, ఒక పని అయ్యేలోపు ఇంకోటి నెత్తిమీదికి వచ్చేది. పొట్లపందిరి కింద నడిస్తే రాళ్ళు నుదుటికి తగిలేవి. మావారు ఆఫీసుకు వెళ్ళేముందు అద్దంలో చూసుకునేది బొప్పి కట్టిందేమోనని.

పిందె వైపు వేలు చూపిస్తే మాత్రం ఆయన సహించేవారు కాదు. చూపించాలంటే వేలు ముడిచి చూపించాలి. ఒక ఆదివారం మావారి ఆఫీసులో పెద్ద గుమాస్తాగారు కాఫీకి వచ్చి, పెరట్లోకి తొంగిచూసి, "అబ్బో, ఆ సొరపిందెలు చూశారూ!" అంటూ వేలు చాపారు. మామగారు ఒక్క గంతులో వెళ్ళి ఆ వేలు గుప్పిట్లో పట్టేశారు. "ముడవండి బాబూ, ముందు ముడవండి! పిందె కుళ్ళిపోద్ది!" ఆ పెద్దమనిషి కాఫీ తాగి వెళ్ళేదాకా చెయ్యి కోటుజేబులోంచి తియ్యలేదు. ఆ ఏడు మావారికి రావలసిన ప్రమోషన్ రాలేదు. అది ఆ వేలి మహిమేనని మావారు ఇప్పటికీ అంటారు. మామగారు మాత్రం, "కాయ దక్కింది కదరా" అనేవారు.

పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదంటారు గానీ, మా పెరడు వీధంతటికీ కూరకు పనికొచ్చింది.

ఇక మా ఇద్దరి మాటల సంగతి. మా ఇళ్ళలో కోడలు మామగారి ఎదటపడి మాట్లాడదు. ఆయనా కోడల్ని పేరుపెట్టి పిలవరు, నేరుగా పని చెప్పరు. మీ ఇళ్ళలోనూ ఇంతేననుకుంటాను. వంటింటి వరకైతే దీనివల్ల ఇబ్బందేం లేదు. కానీ పెరట్లో ఇద్దరం పొద్దస్తమానం ఒకరి వెనక ఒకరం పనిచేస్తుంటే? నేను మైలవరం పిల్లని. మా నాన్నకు పూలతోట ఉండేది. మట్టి చూస్తే నాకూ చేతులు ఊరుకోవు. మధ్యలో అత్తగారు నలిగిపోయేవారు. దొండపాదుకు పెంట వేశారేమో కనుక్కోమని ఆయన, వేశానని చెప్పమని నేను, ఎక్కువ వేశారేమోనని మళ్ళీ ఆయన. ఒకరోజు పప్పు మాడిపోయింది. ఆవిడ తెడ్డు కింద పడేసి, "నేనేమన్నా టపా బంట్రోతునా? కందకు లేని దురద కత్తిపీటకెందుకు! ఇకమీద మీ పెరటి కబుర్లు నేను మొయ్యను. ఒట్టు!" అన్నారు.

అప్పణ్ణించి మేం గేదెతో మాట్లాడటం మొదలుపెట్టాం.

"ఏమే, బియ్యం కడిగిన నీళ్ళు తూములో పారబోస్తన్నారు. కరివేపాకు మొదట్లో పొయ్యమని చెప్పు," అనేవారు ఆయన గేదె మెడ నిమురుతూ.

"కరివేపాకుకు నిన్న పుల్లమజ్జిగ పోశామని చెప్పవే. రెండూ పడితే దానికి అరగదు," అనేదాన్ని నేను, పాక ఇవతల నిలబడి, పైట భుజం నిండా కప్పుకుని.

గేదె నెమరు వేస్తూ ఇద్దర్నీ చూసేది. మా కబుర్లు ఏనాడూ తారుమారు చెయ్యలేదు, పాపం.

పెళ్ళయిన మరుసటి ఎండాకాలం మా నాన్న సారెతోపాటు ఒక బొడ్డుమల్లె అంటు పంపించారు, వేళ్ళకు తడి గోనెగుడ్డ చుట్టి. మామగారు దాన్ని చూసి గేదె దగ్గరికి వెళ్ళారు. "పూలు కూరొండుకుంటామా? సరే, తెచ్చుకున్నాక ఏం చేస్తాం. బావి వెనక మెరకలో జానెడు నేల మైలవరం రైతుకు కౌలుకిచ్చానని చెప్పు." మైలవరం రైతు అంటే నేనే. ఆ మాటకు నేను లోపలికి పరిగెత్తి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను. మా నాన్నకు రాసిన ఉత్తరంలో కూడా రాశాను.

ఆ భాద్రపదంలో మా నాన్న పోయారు. చలిజ్వరం. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. తోట కూడా మా అన్నయ్య నిలుపుకోలేకపోయాడు. ఇక మా నాన్న చేతిది నాకు మిగిలిందల్లా బావి వెనక ఆ మొక్కే. అది పూస్తే ఆయన ఉన్నట్టు. నాకు అప్పుడు అట్లా అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది.

మల్లెకు ఒక పద్ధతి ఉంది. నాటిన ఏడాది దాని జోలికి పోరు. రెండో ఏడు మాఘంలో ఆకంతా దూసేస్తారు. మొదలు చుట్టూ తవ్వి వేళ్ళకు ఎండ తగలనిస్తారు. నీళ్ళు బొత్తిగా ఆపేస్తారు. చూసేవాళ్ళకు చచ్చిపోయిందనిపిస్తుంది. అట్లా ఎండగడితేనే చైత్రానికి చిగురుతోపాటు మొగ్గ వస్తుంది. మాకు మైలవరంలో ఇది పసిపిల్లలకు కూడా తెలుసు. జీవితమంతా నీళ్ళలో నిలబడి వరి పండించిన మనిషికి తెలియదు. ఆయన పైరుకు నీళ్ళు ఆపేది పంట కోసే ముందే.

మా మల్లెకు రెండో మాఘం వచ్చేసరికి నాకు నెలలు నిండుతున్నాయి. పురిటికి తీసుకెళ్ళడానికి మా అన్నయ్య వచ్చాడు. బయల్దేరే ముందురోజు సాయంత్రం, మామగారు గన్నవరం వెళ్ళి ఉండగా, బరువుగా వంగి కూర్చుని ఆకంతా దూశాను, మొదలు తవ్వాను. పొద్దున్నే వర్జ్యం రాకముందే గడప దాటాలని ఒకటే తొందర. గేదెతో చెప్పే తీరిక ఎక్కడిది? మెట్టు దిగుతూ, "మల్లెకు నీళ్ళు పొయ్యొద్దని మామయ్యగారితో చెప్పండత్తయ్యా" అన్నాను. ఆవిడ "ఊఁ" అన్నారు. అన్నారు గానీ చెప్పలేదు. ఒట్టు ఒట్టే. అంత అవసరమైన సంగతైతే గేదెకే చెప్పి ఉంటుందిలే అనుకుని, ఆ తరవాత ఆ మాటే మరిచిపోయారట.

ఊరినుంచి వచ్చిన మామగారు పెరట్లోకి వెళ్ళి నిలువునా చల్లబడిపోయారట. మోడు. పైకి తేలిన వేళ్ళు. ఏ మేకో ఆకు మేసి, ఏ పందికొక్కో మొదలు తవ్విందనుకున్నారట. "తండ్రి లేని పిల్ల. పుట్టింటి మొక్క నాకు అప్పజెప్పి పోయింది. అది నా చేతుల్లో పోతే ఆ పిల్లకు ఏం మొహం చూపించను?" అన్నారట అత్తగారితో. ఆయన వెంటనే వేళ్ళు కప్పెట్టారు. గేదెపేడ మాగిన ఎరువు వేశారు. ఎండ తగలకుండా తాటాకు దడి కట్టారు. కాలవ కట్టేసి మా బావి అడుగంటితే, రెండు వీధుల అవతలి బావినుంచి కావిడి మోసి పొద్దునా సాయంత్రం పోశారు. తన వంగమొక్కలు వాడిపోతున్నా దీనికే పోశారు.

వైశాఖంలో మూడోనెల పిల్లతో నేను తిరిగొచ్చాను. మైలవరం బస్సులో ఏ ఆడమనిషి జడ చూసినా మల్లెలే. దారిపొడుగునా నాకు నా మొక్కమీదే ధ్యాస. ఇంటికొచ్చి పిల్లని అత్తగారి చేతిలో పెట్టి, కాళ్ళు కడుక్కునే వంకతో బావి వెనక్కి వెళ్ళాను. పొద గుబురుగా, నల్లటి పచ్చగా, నా నడుం దాటి పెరిగి ఉంది. ఆకు తప్ప ఇంకేం లేదు. ప్రతి కొమ్మా ఎత్తి చూశాను. ఒక్క మొగ్గ లేదు.

మామగారు పాక దగ్గర నిలబడి ఉన్నారు. ఎండకు నల్లబడి, సగమై ఉన్నారు, మొహం మాత్రం వెలిగిపోతోంది. "మైలవరం రైతుకు చెప్పవే, పోయిందనుకున్న మొక్కని నిలబెట్టామని!" అన్నారు గేదెతో.

నేను ఏం చెప్పను? "చాలా బాగుందని చెప్పవే" అని, వంటింట్లోకి వెళ్ళి గోడవైపు తిరిగి ఏడ్చాను. మళ్ళీ ఏడాది ఆగాలి. మా నాన్న మళ్ళీ పోయినట్టయింది నాకు. ఆయన్ని తప్పు పట్టడానికి మనసు రాదు, ఏడుపు ఆగదు. అత్తగారు వచ్చి చూసి, గడ్డం పట్టుకుని అడిగి, సంగతంతా విని, చంకలో పిల్లతోనే విసురుగా పెరట్లోకి వెళ్ళారు. రెండేళ్ళు నిలిపిన ఒట్టుకు ఆవిడ ఒక్కసారిగా గట్టు తెంపారు. ఏమన్నారో నాకు వినిపించలేదు గానీ, ఆవిడ గొంతు మాత్రం మూడిళ్ళకు వినిపించింది.

ఆ మధ్యాహ్నం మామగారు అన్నానికి రాలేదు. బావి చప్టామీద కూర్చుని పొద వైపే చూస్తూ ఉండిపోయారు. పొద్దువాలాక వంటింటి గుమ్మం దగ్గర అలికిడైంది. ఆయన ఎప్పుడూ ఆ గుమ్మం దాకా వచ్చినవారు కాదు. నేను లేచి నిలబడి పైట సర్దుకున్నాను. పక్కన ఎవరూ లేరు, గేదె కూడా లేదు.

"అమ్మాయ్," అన్నారు. "మీ నాన్న మొక్కని మేపాను గానీ పూయించలేకపోయాను. ఎట్లా చెయ్యాలో నువ్వు చెప్పు తల్లీ. వచ్చే మాఘానికి చేద్దాం."

తల దించుకునే, "ఎండగట్టాలండీ" అన్నాను. మా మామగారితో నేను మాట్లాడిన మొదటి మాట అదే.

"నీళ్ళు పొయ్యకుండానా?"

"పొయ్యకుండానేనండీ, మామయ్యగారూ."

"ఎంత కష్టం!" అన్నారాయన. నిజంగానే బాధపడుతూ అన్నారు. ఎప్పుడొచ్చారో, ఆయన వెనకనుంచి అత్తగారు, "హమ్మయ్య, గేదెకు పీడ విరగడైంది" అన్నారు. నేను నవ్వేశాను. ఆయనా నవ్వారు. ఒకరి ఎదుట ఒకరం నవ్వడం అదే మొదలు. ఆ తరవాత మా మాటలు కాలవకు నీళ్ళు వదిలినట్టే సాగాయి. వీధిలో ఒకరిద్దరు ముక్కుమీద వేలేసుకున్నారు కూడా. "మా రైతులం మేం మాట్లాడుకుంటాం, మీకెందుకు?" అని ఆయన వాళ్ళకు ఒక్కో కట్ట గోంగూర ఇచ్చి పంపించారు.

మరుసటి మాఘంలో ఇద్దరం పొదకు చెరోవైపు కూర్చుని ఆకు దూశాం. బావివైపు ఆయన, గోడవైపు నేను. ఆకు దూస్తూ ఆయన, "ఓర్చుకో, ఓర్చుకో" అని మొక్కతో అంటుంటే నాకు విచిత్రంగా ఉండేది. ఎండగట్టిన రోజుల్లో ఆయన్ని కాపలా కాయవలసి వచ్చేది. చెంబు పట్టుకుని అటే తిరిగేవారు.

"ఒక్క చెంబుడు పొయ్యనా అమ్మాయ్?"

"వద్దండీ."

"పోనీ అరచెంబు?"

"చెప్పానుగా మామయ్యగారూ!"

ఆ చైత్రంలో పొద తెల్లబడింది. కూరొండుకుంటామా అన్న మనిషి వీధంతటికీ ఆకుదొన్నెల్లో మల్లెలు పంచారు. ఇచ్చిన ప్రతి గుమ్మం దగ్గరా, "మా వియ్యంకుడుగారి మొక్క" అని చెప్పి మరీ ఇచ్చారు. మా నాన్న పేరు ఎరగనివాళ్ళ ఇళ్ళలో కూడా ఆ రోజు మా నాన్నని తలుచుకున్నారు. ఇందుకు ఆయనకు ఎన్ని జన్మలకు రుణపడి ఉండాలో నాకు తెలియదు.

అప్పణ్ణించి ఏటా మాఘంలో మా ఇద్దరిదీ అదే పని. ఈ ఏడు కూడా మొదలుపెట్టాం. ఆ రోజు నేను పిల్లకు తలంటుతూ ఆలస్యం చేశాను. అప్పటికే ఆయన బావివైపు సగం దూసి, మొదలు తవ్వి, చేతులు కడుక్కుని వచ్చారు. "నా వైపు అయిందమ్మాయ్. నీ వైపు నువ్వు చూసుకో. కాస్త నడుం వాలుస్తా" అని అరుగుమీద చాప వేసుకున్నారు. అన్నానికి లేపడానికి వెళ్ళిన అత్తగారి కేక ఇంకా నా చెవుల్లోనే ఉంది.

మైలలో పూలమొక్కలు ముట్టుకోం కదా. పెద్దకర్మ అయి, చుట్టాలు వెళ్ళి, నేను మళ్ళీ పొద దగ్గర కూర్చునేసరికి ఫాల్గుణం వచ్చేసింది. నా వైపు ఆకు నేనొక్కదాన్నే దూశాను. ఆలస్యమైంది, ఇంక పూస్తుందో లేదో అనుకున్నాను.

ఇప్పుడు చైత్రం. బావివైపు కొమ్మలన్నీ పూత పట్టాయి. అత్తగారు ఇక పూలు పెట్టుకోరు. అయినా సాయంత్రమయ్యేసరికి చిన్న పళ్ళెం పట్టుకుని కోయడానికి వచ్చేది ఆవిడే. మొన్న ఎదురింటావిడ వంకాయలకు వచ్చి, పొదని చూసి, "ఇదేం విడ్డూరం వదినా, సగమే పూసిందేం?" అని అడిగింది.

"ఈ పక్క ఆయన దూశారు, ఆ పక్క అమ్మాయి తరవాత దూసింది" అన్నారు అత్తగారు మొగ్గలు తెంపుతూనే. "ముందు ఆయన పూలు. ఇవి అయిపోయే వేళకు అమ్మాయివి అందుకుంటాయి. ఈ ఏడు మాకు రెండు కాపులు."

పిల్ల నానమ్మ పక్కన మునివేళ్ళమీద నిలబడి అందని కొమ్మకు చెయ్యి చాస్తోంది. వెలుగు తగ్గేకొద్దీ బావివైపు సగం పొద ఇంకా తెల్లగా కనిపించింది. నేను నిలబడ్డ గోడవైపు కొమ్మల్లో అప్పుడప్పుడే చిగురు వేస్తోంది.